దొరసాని ముందు ఇంటి మాట

గిబ్బీ సమ్మర్స్‌కి బుర్ర పోయిందో లేదో గురువారం తేల్చేస్తామన్నారు ఆసుపత్రివాళ్లు.

ఆ మాట ఆయన కూతురు ఎల్స్‌పెట్ చెవిన పడింది సోమవారం మధ్యాహ్నం. చేపల షెడ్డులో పొద్దున్నించీ హాడక్ చేపల పొట్టలు కోసి, ముల్లు తీసి, ఏప్రన్ మేకుకి తగిలించి, మోచేతులదాకా సబ్బు రుద్దుకుని, బస్సెక్కి వచ్చింది. ఎంత రుద్దినా ఆ వాసన పోదు. బస్సులో పక్క సీటు ఖాళీగానే ఉంటుంది. ఆమెకి అది అలవాటే.

వార్డు గుమ్మంలోనే ఆపింది మిస్ డ్రైస్‌డేల్. ఎడిన్‌బరో మనిషి. పక్షవాతం కొట్టి మాట పడిపోయినవాళ్లకి మళ్లీ మాట నేర్పడం ఆమె ఉద్యోగం. చెడ్డది కాదు. చెడ్డదైతే గొడవే లేదు, నాలుగు తిట్టి తలుపు దబాలున వేసి పోయేవాళ్లం. మంచిది, కష్టపడే మనిషి, పైగా నెమ్మదస్తురాలు. అలాంటివాళ్ల ముందే మనకి నోరు పెగలదు.

"మీ నాన్నగారి గురించి మాట్లాడాలండీ. ఆయనకు రోజూ బొమ్మలు చూపిస్తున్నాను. పేర్లు చెప్పమంటున్నాను. దేనికీ పలకడం లేదు. కొన్ని బొమ్మలకు మాత్రం చాలా వింతగా ప్రవర్తిస్తున్నారు. పంది బొమ్మ చూపించాననుకోండి..."

ఎల్స్‌పెట్ కుడిచెయ్యి కోటు జేబులోకి దూరింది. అక్కడ ఇంటి తాళంచెవి ఉంది. దాన్ని గుప్పిట్లో బిగించింది.

"...వెంటనే మంచం కమ్మీ పట్టుకుని ‘చల్లని ఇనుము’ అన్నారు. కుందేలు బొమ్మకూ అదే మాట. పాదిరీగారి బొమ్మకూ అదే మాట. సంబంధం లేని ఒకే మాటను పదేపదే అంటున్నారంటే మెదడు దెబ్బతిన్న లక్షణమే. డాక్టర్ ప్రింగిల్ గురువారం స్వయంగా చూస్తారు. వస్తువులను గుర్తుపట్టలేని మనిషిని, మీరు పనికి వెళ్లినంతసేపూ ఇంట్లో ఒంటరిగా వదలలేం కదా. లోపలి ఊళ్లలో పెద్దవాళ్ల కోసం ఒక ఆశ్రమం ఉంది. శుభ్రంగా ఉంటుంది."

లోపలి ఊళ్లంటే సముద్రం కనబడని ఊళ్లు. గిబ్బీ సమ్మర్స్ పుట్టింది బకన్ తీరంలో, పిటల్లీ అనే జాలరి ఊళ్లో. ఇంటి వెనక గోడని చలికాలం అలలు తడుపుతాయి. గొర్రెలూ ముల్లంగి చేలూ తప్ప ఇంకేమీ లేని చోట ఆయన్ని కుర్చీలో కూర్చోబెడితే రెండు నెలలు తిరక్కుండా పోతాడు. ఎల్స్‌పెట్‌కి అది నిశ్చయంగా తెలుసు.

చల్లని ఇనుము సంగతీ ఆమెకి తెలుసు. ఆ తీరంలో చంటిపిల్లకి కూడా తెలుసు. పంది, కుందేలు, సాల్మన్ చేప, పాదిరీ. సముద్రం మీద ఈ నాలుగు పేర్లూ ఎత్తకూడదు. పందిని వంకరతోకోడు అనాలి, సాల్మన్‌ని ఎర్రచేప అనాలి, పాదిరీని నల్లకోటాయన అనాలి. ఎవడైనా నోరు జారితే విన్నవాడల్లా దగ్గర్లో ఉన్న ఇనుముని ముట్టుకుని ‘కాల్డ్ ఎయిర్న్’ అనాలి. చల్లని ఇనుము. అంతే. పడవ దిగినంత మాత్రాన ఆ అలవాటు దిగిపోదు, ఒంటికి పట్టిన ఉప్పు అది.

నోరు తెరిచి ఆ ముక్క చెబితే సరిపోయేది. ఎల్స్‌పెట్ ఏం చెప్పింది?

"అలాగేనండీ. అర్థమైందండీ. మీకు చాలా శ్రమ ఇస్తున్నామండీ."

పాన్‌లోఫ్ మాట! కలిగినవాళ్లు కొనుక్కునే పల్చటి పైపెచ్చు రొట్టె పేరది. గొప్పవాళ్ల ముందు నోరు చిన్నది చేసుకుని, వాళ్ల ఇంగ్లీషు పలుకుని అరువు తెచ్చుకుని మాట్లాడితే దానికి ఈ తీరంలో పెట్టిన పేరు కూడా అదే. డాక్టరు ముందు, పాదిరీ ముందు, బ్యాంకులో, కోర్టులో అందరూ దాన్నే తొడుక్కుంటారు. ఎల్స్‌పెట్ మాత్రం ఎక్కడినించి ఊడిపడింది? తోటి కూలీలకి ఒక్క నిమిషం టీ విరామం కోస్తే మేస్త్రీని గోడకి ఆనించి కడిగేసే మనిషి. తెల్లకోటు కనబడేసరికి ఆ నోరు ఎక్కడికి పోయిందో!

బడి పని అది. ఆ తీరంలో బడి చదువు నేర్పింది, దాంతోపాటు సిగ్గు కూడా నేర్పింది. ‘ఏమిటి’ అనడానికి ‘ఫిట్’ అన్న పిల్ల అరచేతి మీద తోలు పట్టీ తేలేది. ‘ఎక్కడ’కి ఫార్, ‘ఎప్పుడు’కి ఫాన్, ‘ఎవరు’కి ఫా. లండనువాళ్లు ‘వాట్’, ‘వేర్’ అని ఊరికే గాలి ఊది వదిలేసే చోట ఈ జనం పింగాణీ పలక్కొట్టినట్టు ‘ఫ’ అంటారు. కత్తి పేరులో అందరూ మింగేసిన ‘క’ని ముసలాళ్లు ఇంకా మింగలేదు, ‘క్నైఫ్’ అని నిండుగా పలుకుతారు. తప్పుని ‘వ్రాంగ్’ అంటారు, ఆ ‘వ్ర’లో తప్పు చేసినవాడి వీపు విమానం మోత మోగుతుంది. వందల ఏళ్లు తుఫాన్లకి నిలిచిన మాట అది. అలాంటి మాటని తప్పుడు ఇంగ్లీషన్నారు. అన్నవాళ్లకి జీతాలిచ్చారు, విన్న పిల్లలకి దెబ్బలిచ్చారు.

ఎల్స్‌పెట్ లోపలికి వెళ్లింది. గిబ్బీ దిండుకి ఆనుకుని కూర్చున్నాడు. నోరు ఒక పక్కకి లాగింది. కుడిచెయ్యి దుప్పటి మీద ఎవరో మరిచిపోయిన చేతితొడుగులా పడి ఉంది.

"వచ్చేవేటే గుంటా," అన్నాడు. మాట ముద్దగా ఉంది, కానీ మాటే.

"వచ్చేను అయ్యా. వెన్న బటరీ రొట్టెలు తెచ్చేను. ఇంకా ఏటి కావాల?"

"అదే... ఆ... ఏటది. గ్లాసులో..." కళ్లు చిట్లించాడు. చెయ్యి గాల్లో వెతికింది. "ఏటది!"

"టీయా?"

"ఆఁ. టీ." ఎవరో కాజేసిన సొమ్ము తిరిగి దొరికినట్టు పట్టుకున్నాడు ఆ మాటని. పక్షవాతం నిజంగానే కొన్ని మాటలు ఎత్తుకుపోయింది. అందులో ఎవరికీ అనుమానం లేదు.

పక్క మంచం మీంచి సాండీ మచ్ అందుకున్నాడు. జీవితమంతా లోపలి ఊళ్లలో గుర్రపు నాగలి దున్నిన ముసలాడు. తొడ ఎముక విరిగి పడుకున్నాడు గానీ నాలుకకి మాత్రం ఏ గాయమూ తగల్లేదు.

"అమ్మాయ్, మీ అయ్య నిన్న పొద్దున నాతో గంటసేపు పోట్లాడాడు. సముద్రం మీంచి వచ్చే మంచుని ‘హార్’ అనాలంట, అది మా చేల మీద కూర్చుంటే నేనట్టా అనకూడదంట. మంచు కూడా మీ జాలరోళ్ల సొంతమేనా ఏంది?"

"ఇంకేటి మరి! పొలంలో పుట్టిందేటి అది?" అన్నాడు గిబ్బీ.

"చూశావా? ఇట్టా కొరుకుతాడు. ఆ ఎడిన్‌బరో పిల్ల వస్తే మాత్రం గుండీలు పెట్టుకుని, జుట్టు దువ్వుకుని, చర్చిలో బొమ్మలా కూర్చుంటాడు. నోట్లో మాట ఉండదు. పంది బొమ్మ చూపిస్తే..."

గిబ్బీ ఎడంచెయ్యి టక్కున కమ్మీ మీద పడింది. "కాల్డ్ ఎయిర్న్! నీ నోట్లో మన్నడిపోను, మల్లీ అన్నావంటే..."

"పంది," అన్నాడు సాండీ తీరిగ్గా. "నేను పెంచిన పందులు నీ ఊరి జనంకన్నా ఎక్కువ. ఒక్కటీ నన్ను ముంచలా."

"కాల్డ్ ఎయిర్న్! దుక్కిటెద్దు ఎదవా!"

ఎల్స్‌పెట్‌కి నవ్వొచ్చింది, వెంటనే గురువారం గుర్తొచ్చింది. కుర్చీ దగ్గరకి లాక్కుంది.

"అయ్యా, ఆవిడ సూపెట్టిన బొమ్మలేటో తెలిసేయా నీకు?"

"తెలక్కేటి? గుడ్డోడినేటి? పార్టన్ సూపెట్టింది. ఇంతలావు పార్టన్, డెక్కలెత్తుకుని." పార్టన్ అంటే పీత. ఆ మాట అంటుంటే గిబ్బీ ఎడంచేతి రెండు వేళ్లూ వాటంతటవే డెక్కల్లా ఆడాయి. "హూలెట్‌ని సూపెట్టింది, రాత్రులు కూసే పిట్ట. క్నైఫ్ సూపెట్టింది. నీటి డబ్‌లో కాలేసిన లూన్‌ని సూపెట్టింది, మోకాలికాడ ఏలు పెట్టి అడిగింది, కిందకొచ్చి క్వీట్ కాడ ఏలు పెట్టి అడిగింది."

డబ్ అంటే వానకి రోడ్డు మీద నిలిచిన మడుగు. అడుగు పడితే ఏ చప్పుడొస్తుందో పేరు కూడా అదే చప్పుడు. లూన్ అంటే పిల్లాడు. క్వీట్ అంటే చీలమండ. అడిగినవన్నీ ఉన్నాయి ముసలాయన దగ్గర. సరుకంతా లోపల భద్రంగా ఉంది, తలుపు మాత్రం గడియ పడింది.

"మరి సెప్పవేటి ఆవిడికి?"

"ఆల్ల పేర్లు రావట్లేదే గుంటా. మన పేరు ముందొత్తాది. ఆల్ల పేరు కోసం ఎతుకుతాను. అది దొరికేలోగా ఆవిడ బొమ్మ తిరగేసేత్తాది."

"మన పేరే సెప్పొచ్చు గదా!"

గిబ్బీ కూతురివైపు పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు. "ఆడకూతురు. సదుంకున్న పిల్ల. నాకోసం అంత దూరంనించి వొచ్చింది. ఆవిడ మొహం మీద పార్టన్ అంతానేటి? ఎకసెక్కం సేత్తన్నానంకోదేటి? నువ్వే గదేటి సెప్పేవు, ఆల్లకాడ సక్కగా మాటాడమని!"

అవును, చెప్పింది. అంబులెన్సులో, ఆయన చొక్కా మెడదాకా గుండీలు పెడుతూ చెప్పింది. ఎల్స్‌పెట్ ఆ సంగతే మరిచిపోయింది. ముసలాయన మరవలేదు. సగం మాటలు కొట్టుకుపోయిన బుర్రలో కూడా ఆ మర్యాద ఒక్కటీ చెక్కుచెదరకుండా ఉండిపోయింది. బొమ్మలు గుర్తుపట్టలేక కాదు ఆయన నోరు మూసుకున్నది. దొరసాని ముందు ఇంటి మాట మాట్లాడటం అమర్యాద గనక. ఇలాంటి పొరపాటు ఇంకే దేశపు మనిషీ చెయ్యడు.

"ఇప్పుడు సెప్తన్నాను, ఇంటి మాటే మాటాడు."

"సిగ్గు నేదేటే నీకు?" అని మొహం గోడవైపు తిప్పుకున్నాడు.

బుధవారం ఎల్స్‌పెట్ షెడ్డు నించి ఒక పూట ముందే బయటపడి మిస్ డ్రైస్‌డేల్‌ని వరండాలో పట్టుకుంది. బస్సులో వస్తూ మాటలన్నీ పేర్చుకుంది. ఆమె ఎదురుగా నిలబడేసరికి పేర్చినవన్నీ కూలిపోయాయి. నోట్లోంచి మళ్లీ ఆ రొట్టె మాటే వచ్చింది.

"ఆ ఇనుము సంగతి అండీ... అది మా ఊరివాళ్ల పాత నమ్మకమండీ. మీరు పట్టించుకోకండి."

మిస్ డ్రైస్‌డేల్ శ్రద్ధగానే విన్నది. "చెప్పినందుకు సంతోషం. అది రాసుకుంటాను. కాని మిగతా బొమ్మలకు కూడా ఆయన పలకడం లేదు కదండీ? నేను విన్నదే రాయగలను. వినని దాన్ని ఎలా రాయను?"

న్యాయమైన మాట. ఎల్స్‌పెట్‌కి కోపం వచ్చింది, ఎవరి మీద చూపించాలో తెలియలేదు. బస్టాపులో చల్లగాలికి నిలబడి తనని తానే తిట్టుకుంది. ‘పాత నమ్మకమండీ, పట్టించుకోకండి’ అట! ఊరి రేవులో నిలబెట్టిన రాతిపలక మీద మునిగిపోయినవాళ్ల పేర్లున్నాయి. ఒక వైపు చాలక రెండో వైపుకి తిప్పి చెక్కారు. అందులో ఆమె అన్న పేరు ఉంది, ఇద్దరు మేనమామల పేర్లున్నాయి. పట్టించుకోకండి అంది తను, ఆ నోటితోనే!

గురువారం వచ్చింది. డాక్టర్ ప్రింగిల్ వచ్చాడు. పొడుగాటి మనిషి, తొందర మనిషి, ఒక్కో మంచం దగ్గర నిలబడే తీరు చూస్తే బస్సు కోసం ఆగినట్టుంటుంది. పక్కన మిస్ డ్రైస్‌డేల్ బొమ్మల అట్టలతో. మంచం కాళ్లవైపు ఎల్స్‌పెట్.

"ఎలా ఉన్నారు మిస్టర్ సమ్మర్స్?"

"చాలా బాగున్నానండీ. కృతజ్ఞతలండీ," అన్నాడు గిబ్బీ. బడిలో కొట్టి ఎక్కించిన వాక్యం, ఎక్కడా తొట్రుపడలేదు.

డాక్టర్ తలూపాడు. "అలవాటుగా వచ్చే మాటలు మిగిలాయి. సరే, చూపించండి."

పీత బొమ్మ. గిబ్బీ పెదవులు కదిలాయి. నుదుటి మీద చెమట పట్టింది. ఎడంచేతి వేళ్లు దుప్పటి కింద డెక్కల్లా ఆడాయి, అది ఎల్స్‌పెట్ ఒక్కతే చూసింది. మాట రాలేదు. గుడ్లగూబ. లేదు. కత్తి. లేదు. పంది.

చెయ్యి కమ్మీ మీద పడింది. "కాల్డ్ ఎయిర్న్."

"ఇదే నేను చెప్పింది," అంది మిస్ డ్రైస్‌డేల్, నిజంగా బాధపడుతూ.

"ఊఁ," అన్నాడు డాక్టర్. జేబులోంచి కలం తీశాడు.

ఆ కలం మూత ఊడిన చప్పుడికి ఎల్స్‌పెట్ ఒంట్లో ఏదో తెగింది. ముందుకి వంగి మంచం కాళ్లవైపు కమ్మీని తనూ రెండు చేతులా పట్టుకుంది.

"ఆగండి. ఆ కలం ఆపండి ఒకపాలి."

ఆమెకే వింతగా వినబడింది తన గొంతు. షెడ్డులో గొంతు అది, బల్లల మీద నీళ్ల హోరుని దాటి వినబడే గొంతు. ఇంటి మాట.

"ఆ పేరు ఎవులన్నా నానూ ఇలగే ఇనుం ముడతాను. మొన్న ఈవిడ అన్నపుడు జేబులో తాళం పట్టుకున్నాను, సిగ్గుకి దాసుకున్నాను. మా ఊల్లో అందరం ముడతాం. మునిగినోల్ల పేర్లు రాయికి ఒక పక్క సాలక రెండో పక్క సెక్కేం. అందుకు ముడతాం. పిచ్చీ కాదు, బుర్ర పోడమూ కాదు. సంద్రానికి మర్యాద సెయ్యడం. మీరు మర్యాద సెయ్యరేటి ఎవులికీ?"

డాక్టర్ ప్రింగిల్ కలం ఆగింది గానీ మూత పడలేదు.

"మీరు చెప్పింది విన్నాను. అయినా పేర్లు చెప్పలేకపోతున్నారుగా?"

"సెప్పగలడు. మీకు సెప్పడం తప్పంకుంటన్నాడు. అయ్యా, సెప్పు. ఇంటి మాటే సెప్పు. ఈ దొరసాని ఏటీ అనుకోదు."

గిబ్బీ సిగ్గుతో ఎర్రబడిపోయాడు. పెద్దవాళ్ల ముందు కూతురు ఇలా కేకలెయ్యడం! మిస్ డ్రైస్‌డేల్‌కేసి క్షమించమన్నట్టు చూసి పెదవులు బిగించేశాడు. ఇంక ఆ తలుపు బతిమాలితే తెరుచుకోదు.

ఎల్స్‌పెట్ మంచం చుట్టూ తిరిగి వచ్చి మిస్ డ్రైస్‌డేల్ చేతిలోంచి అట్టలు లాక్కుంది. అడగలేదు కూడా. పీత బొమ్మ తీసి తండ్రి మొహం ముందు పెట్టింది.

"సరే. నీకు రాపోతే నాను సెప్తాను. ఇది సాలీడు."

గిబ్బీ కనుబొమ్మ లేచింది.

"పెద్ద సాలీడు. గోడ మీద పాకుతాది. కదేటి సాండీ బాబూ?"

సాండీ మచ్ ఇలాంటి పిలుపు కోసమే పుట్టినట్టున్నాడు. "సాలీడే. మా పశువుల శాలలో ఇట్టాంటివి బోలెడు."

"సాలీడు, పోనీ పెద్ద పేను. ఎవులికి తెలుసు? మా అయ్య బతుకంతా సంద్రం మీదే ఉన్నాడు గానీ..."

"పార్టన్!"

కప్పుల బండి తోసుకొస్తున్న ఆయమ్మ గుమ్మంలోనే ఆగిపోయింది.

"పార్టనే అది, కళ్లు పోయేయేటే నీకు? పార్టన్‌ని సాలీడంటావా? ఈ ఎద్దెదవ మాట అట్టుకుని! నీకు పళ్లు రాక ముందే ఆటిని సీల్చి తెచ్చి నోట్లో పెట్టేను గదే! దాని డెక్క ఇరిసి, ఎనకనించి తట్టి, అందులో తెల్ల కండ..." ఊపిరి అందలేదు. మాట ఒకచోట తెగింది, ఎడంచేతితో గాల్లో లాగాడు, మళ్లీ అందుకున్నాడు. "...తెల్ల కండ తీసి!"

ఎల్స్‌పెట్ ఆగలేదు. రెండో అట్ట. "ఇది కోడి."

"హూలెట్! కోడికి అలాటి కళ్లుంటాయేటి?"

"ఇది చెంచా."

"క్నైఫ్! దీంతో నువ్వు రోజూ చేపలు కోత్తన్నావు గదే, ఈ మాట మీ మేస్త్రీ ఇంటే ఇంటికి పంపిస్తాడు."

"ఇది మన పడవలాగే ఉంది."

ఈసారి గిబ్బీ పేరు చెప్పలేదు. అట్ట దగ్గరకి లాక్కుని చూశాడు, చాలాసేపు. తెరచాప పడవ. "దీన్ని గీసినోడు సంద్రం సూడనేదు. గాలి ఇటునించి వొత్తంటే చాప ఇటే ఉబ్బిందేటి? అలలు సూడు, అలలు ఇంకో పక్కకి ఎల్తన్నాయి. ఇందులో ఎక్కినోడు రేవు దాటడు." అట్టని మిస్ డ్రైస్‌డేల్ వైపు పట్టుకున్నాడు. అంతలో ఎవరితో మాట్లాడుతున్నాడో గుర్తొచ్చింది, గొంతు సన్నబడింది. "క్షమించాలండీ. అది... వ్రాంగ్ అండీ."

మిస్ డ్రైస్‌డేల్ కుర్చీ లాక్కుని ఆయన ఎదురుగా కూర్చుంది. మొహంలో అలసట పోయింది. కావలసిందేదో కంటికి ఆనినవాళ్ల మొహం అది. పీత అట్ట మళ్లీ తీసుకుంది.

"పార్టన్," అంది జాగ్రత్తగా.

గిబ్బీ మర్యాద, సత్యం, రెంటి మధ్యా నలిగాడు. సత్యమే గెలిచింది. "‘ర’ని మింగీకండమ్మా. నాలుక ఒణకాల. పార్ర్‌టన్."

"పార్ర్‌టన్."

"ఆఁ. ఇప్పుడు అది తినొచ్చు."

డాక్టర్ ప్రింగిల్ ఇంకా నమ్మలేదు. ఆయన ఉద్యోగం అది, నమ్మకపోవడం. "మిస్టర్ సమ్మర్స్, మీ అమ్మాయి పనికెళ్లింది. మీరొక్కరే ఉన్నారు. లేవబోయి పడిపోయారు. ఏం చేస్తారు?"

గిబ్బీ డాక్టరుకేసి, కూతురికేసి, మిస్ డ్రైస్‌డేల్‌కేసి చూశాడు. ఆమె తలూపింది.

"కర్రతో గోడ మీద కొడతాను. అవతల పక్కింటి టీనీ ఉంటాది. నాను తుమ్మితేనే మందు పట్టుకొత్తాది, పడితే ఊరుకుంటాదేటి? టీనీ నేకపోతే దాని సెల్లి. అదీ నేకపోతే తలుపు తోసుకుని ఎవులో ఒకలు వొత్తానే ఉంటారు. మా ఊల్లో ఒంటరిగా పడడం కష్టమండి. సోటుండదు."

సాండీ కిసుక్కున నవ్వాడు. డాక్టర్ నవ్వలేదు గానీ కలం మూత పెట్టాడు.

"ఒక్కటి. ఈ అమ్మాయి ఎవరు?"

"నా క్వైన్," అన్నాడు వెంటనే. నా పిల్ల.

"పేరు?"

గిబ్బీ నోరు తెరిచాడు. మూశాడు. మళ్లీ తెరిచాడు. కూతురి మొహంలోకి చూస్తున్నాడు, గదులన్నీ తెలిసిన ఇంట్లో చీకట్లో దీపం కోసం తడుముతున్నవాడిలా. పీత వచ్చింది, గుడ్లగూబ వచ్చింది, పడవకి గాలి ఎటు వీచాలో వచ్చింది. ఎల్స్‌పెట్ రాలేదు. ఆయన కంటి కొసల్లో నీళ్లు నిండాయి.

ఆమెకి అప్పుడు తెలిసింది, పక్షవాతం వచ్చిన దగ్గర్నించీ ఆయన ఒక్కసారీ తన పేరెత్తలేదని. గుంటా, గుంటా అనడం ముద్దనుకుంది.

"పోనీలే అయ్యా," అంది. "క్వైన్ సాలు. ఆ ఇంట్లో క్వైన్‌ని నానొక్కదాన్నే."

"అది పోయింది," అన్నాడు గిబ్బీ డాక్టరుతో, తిన్నగా, దాచకుండా. "నా పిల్ల పేరు పోయింది. పిల్ల ఎవులో పోలేదు."

డాక్టర్ ప్రింగిల్ ఇప్పుడు బస్సు కోసం ఆగినవాడిలా లేడు. మిస్ డ్రైస్‌డేల్ వైపు తిరిగాడు.

"మీరేమంటారు?"

"నేను ఇంతవరకూ పరీక్షించింది ఆయన బడిలో నేర్చుకున్న భాషను," అంది ఆమె. "ఆయన మాట్లాడే భాషలో మళ్లీ మొదలుపెట్టాలి. పోయిన మాటలు కొన్నయినా దొరకొచ్చు. అందుకు ఆయన ఇంట్లో ఉండాలి, ఆ మాటలున్న చోట. వారానికోసారి నేనే వెళ్తాను."

"అంత దూరమా?"

"బస్సుంది కదండీ."

ఎల్స్‌పెట్ ఆమెకేసి చూసింది. ఈ మనిషి ముందా తను ఇన్నాళ్లు నోరు నొక్కుకుంది? అడిగితే వినే మనిషే. మనమే పలక్కుండా వినబళ్లేదని ఏడుస్తాం. తలుపు కొట్టకుండా తెరవలేదంటాం. అలాగని తప్పంతా మనదే అనుకోడానికీ లేదు, అరచేతుల మీద పడిన తోలు పట్టీలకి ఎవరో ఒకరు జవాబు చెప్పాలిగా. ఆ లెక్క ఇంకోరోజు తేల్చుకోవచ్చు. ఇవాళ ముసలాయన ఇంటికి రావాలి.

"మంచిది," అన్నాడు డాక్టర్. "రేపు పొద్దున్నే తీసుకెళ్లండి."

"రేపా!" తండ్రీ కూతుళ్లిద్దరూ ఒక్కసారే అన్నారు.

"ఏం? తొందరగా తీసుకెళ్లాలనే కదా ఇంత గొడవ?"

"రేపు శుక్రారం గదండీ," అంది ఎల్స్‌పెట్.

"శుక్రారం నాడు ఏ పడవోడు బయల్దేర్తాడు?" అన్నాడు గిబ్బీ. డాక్టరు తెలివి మీద ఆయనకి మొట్టమొదటిసారి అనుమానం కలిగినట్టుంది.

డాక్టర్ ప్రింగిల్ ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, ఏదో అడగబోయి మానేశాడు. "సరే. శనివారం," అని పక్క మంచానికి నడిచాడు. అక్కడ సాండీ మచ్ తన తొడ ఎముక కథ మొదటినించి చెప్పడానికి సిద్ధంగా ఉన్నాడు.

మిస్ డ్రైస్‌డేల్ మాత్రం కుర్చీలోంచి లేవలేదు. అట్టలు ఒళ్లో పెట్టుకుంది.

"శనివారాన్ని మీరేమంటారు మిస్టర్ సమ్మర్స్?"

"సెట్టర్‌డే. ఆ మిస్టర్ ఒద్దండి, అది పన్ను కట్టమని వొచ్చేవోల్ల పిలుపు. గిబ్బీ అనండి."

"సెటర్‌డే, గిబ్బీ."

"ఊఁహూఁ. నడుమ తాడు బిగించినట్టుండాల. సెట్‌-టర్‌-డే. ఇంకోపాలి అనండమ్మా."

ఆమె ఇంకోసారి అంది. గిబ్బీ తల అడ్డంగా ఊపాడు. మళ్లీ అనమన్నాడు.